రెండు వందల యాభై మాటలు

స్వాన్సీలో వాన అడ్డంగా కురుస్తుంది.
గొడుగులు ఇక్కడ ఉత్త అలంకారం.
లైబ్రరీలో హీటర్ పక్క సీటు దొరికిన రోజు
నాకు సగం ఉద్యోగం వచ్చినట్టే.

ఇవాళ ఆఖరి తేదీ. రాత్రి పదకొండు యాభై అయిదు దాకా.
పన్నెండు అని ఎందుకు పెట్టరో,
ఆ అయిదు నిమిషాలూ సర్కారు తన దగ్గరే దాచుకుంటుంది.

ఊరి చివర ఆ పొడుగాటి ఆఫీసు.
డ్రైవింగ్ లైసెన్సులన్నీ అక్కడే పుడతాయి.
సైకిలైనా సరిగ్గా తొక్కలేని నేను
దాని గుమ్మానికి దరఖాస్తు రాస్తున్నాను.

మొదటి ప్రశ్న జాతీయత.
కామన్వెల్త్ అని ఒక గడి ఉంది.
ముత్తాతల మీద సాగిన పెత్తనం
ఇన్నాళ్ళకి నాకు పనికొచ్చింది ఈ గడిలోనే.
టిక్కు పెట్టాను, కొంచెం సిగ్గుపడి,
కొంచెం గట్టిగా నొక్కి.

తర్వాత, పేరు రాయొద్దు అంది.
కాలేజీ రాయొద్దు, ఊరు రాయొద్దు,
చదివేవాళ్ళకి నువ్వెవరో తెలియకూడదు.
ఇంటిపేరుతో కలిపి ఇంగ్లీషులో ముప్పై ఒక్క అక్షరాలు,
ఇక్కడ ఎవరూ చివరిదాకా పలకని నా పేరుకి
మొదటిసారి సెలవు దొరికింది.

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న:
నలుగురితో కలిసి పనిచేసిన సందర్భం ఒకటి చెప్పండి,
రెండు వందల యాభై మాటలు మించకుండా.

జనవరి రాత్రి ఒకటి గుర్తొచ్చింది.
టౌన్‌హిల్ చర్చి వెనక, ఉచిత సరుకుల గదిలో
ఫ్యూజు పోయింది. దీపాలతో పాటు ఫ్రీజరూ.
నలభై కిలోల కోడిమాంసానికి చెమటలు పడుతున్నాయి.
ఇవాన్ వ్యాను తెచ్చాడు.
గ్వెన్‌లియన్ ఇంటింటికీ ఫోన్లు చేసింది.
సొమాలీ పెద్దావిడ హోదన్ సంచులు కట్టింది,
పసిపాప టోపీకి ముడేసినంత జాగ్రత్తగా.
పది కొట్టేసరికి కొండ మీద
ఏ వంటింటి కిటికీ చూసినా ఆవిరి.

మేము వెంటనే స్పందించాము, అని రాశాను.

మొన్న కెరీర్ సెంటర్లో నెరిస్ దాన్ని కొట్టేసింది.
"మేము వద్దు. మార్కులేసేవాళ్ళకి 'నేను' కావాలి.
నేను గుర్తించాను. నేను నిర్ణయించాను. నేను నడిపించాను."

మా భాషలో దానికి రెండు మాటలున్నాయి అన్నాను.
నిన్ను గుమ్మం బయట నిలబెట్టే మేము,
చెయ్యి పట్టి లోపలికి లాగే మనం.
ఇంగ్లీషు ఆ రెంటికీ ఒకే గొడుగు పట్టింది,
మీ దరఖాస్తు ఆ గొడుగూ లాక్కుంది.
నెరిస్ నవ్వింది. వాళ్ళ వెల్ష్‌లోనూ ఒక్కటేనట, "నీ".
వాళ్ళ మేము నా చెవికి
నీది అన్నట్టే వినిపించింది.

సరే, కూర్చుని నేనులు పేర్చాను.
నేను వ్యాను తెప్పించాను.
అబద్ధం కాదు, ఇవాన్ నంబరు నా ఫోన్లోనే ఉంది.
నేను జాబితా తయారుచేశాను.
గ్వెన్‌లియన్ చెబుతుంటే రాశాను మరి.
నేను సమన్వయం చేశాను.
ఇక్కడ ఆగిపోయాను.

ఆ రాత్రి నేను నిజంగా చేసింది
టార్చి పట్టుకోవడం.
గంటన్నర సేపు, చెయ్యి మార్చుకుంటూ,
ఎవరి చేతులు ఎటు కదిలితే అటు.

పదకొండు నలభై ఎనిమిది.
సమన్వయం కొట్టేసి టార్చి రాశాను.
ఇంకా మూడు మాటలు మిగిలాయి,
వాటిని అలాగే వదిలేసి పంపాను.

మార్చిలో జవాబొచ్చింది.
ఆ ప్రశ్నకి ఏడుకి నాలుగు, గట్టెక్కే మార్కు.
ఇంటర్వ్యూకి రండి, పాస్‌పోర్టు తెచ్చుకోండి,
మీ పేరు ఎలా పలకాలో ముందుగా తెలపండి.

ఆ సాయంత్రం టౌన్‌హిల్‌లో మళ్ళీ ఫ్యూజు పోయింది.
హోదన్ అడక్కుండానే టార్చి నా చేతిలో పెట్టింది.
ఆ వెలుతురులోనే పాస్‌పోర్టు తెరిచి
నా పేరు మొదటినుంచి చివరిదాకా
ఒక్కో అక్షరం విడదీసి పైకి చదివాను.

సంచి ముడేస్తూ హోదన్ అడిగింది,
"ఎవరావిడ?"